స్వీట్ 16 నుంచి ఫైనల్ దాకా ఎవరు గెలుస్తారు? (మార్చ్ మ్యాడ్‌నెస్ 2025, రెండో బ్రాకెట్)

డాలస్_ప్రసాద్ | మార్చి 24, 2025

అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నీ మార్చ్ మ్యాడ్‌నెస్‌లో మొదటి రెండు రౌండ్లు అయిపోయాయి. 68 జట్లలో 16 మిగిలాయి, అదే స్వీట్ 16. సెయింట్ జాన్స్ మీద ఆశ పెట్టుకున్నవాళ్ల బ్రాకెట్లు (ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే రాసే పట్టికలు) ఆర్కన్సా చేతిలో పోయాయి, వరసగా మూడోసారి యూకాన్ అనుకున్నవాళ్లవి ఫ్లోరిడా చేతిలో పోయాయి. కాబట్టి అందరం మళ్లీ మొదటినుంచి వేద్దాం. మిగిలినవి 15 మ్యాచ్‌లు, అంటే 32,768 రకాల ఫలితాలు. 63 మ్యాచ్‌ల బ్రాకెట్ మొత్తం తప్పులేకుండా చెప్పడం మనిషి తరం కాదు. ఇది మాత్రం కూర్చుని ఆలోచిస్తే పని జరిగే లెక్క.

పాయింట్లు: స్వీట్ 16లో మ్యాచ్‌కి 1, ఎలీట్ ఎయిట్‌లో (ఎనిమిది జట్ల రౌండ్) 2, సెమీస్‌లో 4, ఛాంపియన్‌కి 8. ఇద్దరు సమానంగా ఉంటే ఫైనల్లో రెండు జట్ల మొత్తం స్కోరు దగ్గరగా చెప్పినవాళ్లు ముందు. గురువారం సాయంత్రం మొదటి మ్యాచ్ మొదలయ్యేలోపు పెట్టేయండి.

నావి: ఎనిమిది మ్యాచ్‌ల్లోనూ పై సీడే (జట్లని నాలుగు రీజియన్లుగా విడదీసి, ఒక్కో రీజియన్‌లో ముందే ఇచ్చే ర్యాంకు సీడ్; 1 అంటే అన్నిటికంటే పైన). ఫైనల్ ఫోర్‌కి, అంటే రీజియన్‌కి ఒకటి చొప్పున సెమీస్‌కి, ఆబర్న్, ఫ్లోరిడా, డ్యూక్, హ్యూస్టన్. ఫైనల్ ఫ్లోరిడా, డ్యూక్. ఛాంపియన్ డ్యూక్. మొత్తం స్కోరు 147.

కారణం ఒక్కటే. ఈ నాలుగూ నంబర్ వన్ సీడ్లు కావడమే కాదు, ఆటతీరు లెక్కలతో ర్యాంకులిచ్చే కెన్‌పామ్ పట్టికలో కూడా మొదటి నాలుగు స్థానాలూ వీటివే. ఐదు నెలల ఆట ఒకపక్క, మొన్నటి వారాంతం ఒకపక్క పెడితే నేను ఐదు నెలల వైపే ఉంటాను.

లబ్బక్_శీను | మార్చి 24

ప్రసాద్ గారూ, నాలుగు నంబర్ వన్‌లూ కలిసి ఫైనల్ ఫోర్‌కి వచ్చింది చరిత్రలో ఒక్కసారే, 2008లో. కాన్సాస్, మెంఫిస్, నార్త్ కరోలైనా, యూసీఎల్ఏ. 2023 చూడండి, 4, 5, 5, 9 సీడ్లు. మొదటి మూడు సీడ్లలో ఒక్కటీ లేదు. మీరేమో ఎప్పుడో కానీ జరగనిదాన్నే రాస్తున్నారు.

నేను వెస్ట్ రీజియన్ నుంచి మా టెక్సస్ టెక్ అంటున్నా. హ్యూస్టన్‌ని వాళ్ల కోర్టులోనే ఓవర్‌టైమ్‌లో 82-81తో కొట్టి వచ్చిన జట్టు ఇది. టాపిన్, డారియన్ విలియమ్స్ ఇద్దరూ లోపలా ఆడగలరు, బయటా ఆడగలరు. ఇక్కడ క్యాంపస్‌లో మన తెలుగు పిల్లలంతా ఎర్ర టీషర్టులేసుకుని తిరుగుతున్నారు, అభిమానంతో చెబుతున్నానని అనుకోకండి.

డాలస్_ప్రసాద్ | మార్చి 24

శీనూ, రెండు లెక్కలు కలిసిపోతున్నాయి. విడదీద్దాం.

ఒక నంబర్ వన్ జట్టు ఈ రెండు మ్యాచ్‌లూ గెలిచే అవకాశం 60 శాతం అనుకో. నాలుగు జట్లూ రావడానికి 0.6ని నాలుగుసార్లు గుణిస్తే 13 శాతం. తక్కువే, ఒప్పుకుంటా. కానీ ఒక్కో రీజియన్‌లో ఆ 60ని కాదని 15 శాతం ఉన్న జట్టుని రాస్తే నీ మొత్తం అవకాశం ఇంకా పడిపోతుంది. 13 శాతమే అయినా, విడిగా చూస్తే అంతకంటే ఎక్కువ అవకాశమున్న నలుగురు లేరు. ఎక్కడో ఒకచోట సంచలనం ఖాయమే, అది ఎక్కడో ముందే చెప్పగలమా అన్నదే ప్రశ్న.

2023 సంగతి. యూకాన్ సీడ్ 4 అయినా ఆటతీరు లెక్కల్లో దేశంలో మొదటి కొద్ది జట్లలో ఉంది. ఆరు మ్యాచ్‌లూ రెండంకెల తేడాతో గెలిచింది. అంటే సీడ్ తప్పు, లెక్క తప్పు కాదు. నేను సీడ్‌ని చూసి రాయడంలేదు. ఈసారి రెండూ ఒకేచోట కలిశాయి, అంతే.

నిజాంపేట_నవీన్ | మార్చి 25

నాకొక డౌటున్నది, ఎవరన్న చెప్పుండ్రి. హ్యూస్టన్ మ్యాచ్‌కు 65, 70 కొడ్తది. అలబామా 90, 100 కొడ్తది. ఆ లెక్కన అలబామానే పెద్ద టీం కావాలె కదా? మీరందరు హ్యూస్టన్ అంటున్నరెందుకు? నేను ఈ సంవత్సరమే చూసుడు మొదలుపెట్టిన. ఇక్కడ పొద్దున నాలుగున్నరకు లేచి చూస్తున్న.

హ్యూస్టన్_రఘు | మార్చి 25

నవీన్ తమ్ముడూ, మ్యాచ్ స్కోరు చూడకు. వంద పొసెషన్లకి ఎన్ని పాయింట్లు అన్నది చూడు. బంతి చేతికొచ్చిన దగ్గర్నుంచి అవతలివాళ్లకి పోయేదాకా ఒక పొసెషన్. అలబామా పరుగులు పెడుతుంది, దానికి మ్యాచ్‌లో పొసెషన్లు ఎక్కువ, దాని ప్రత్యర్థికీ ఎక్కువే. హ్యూస్టన్ షాట్ క్లాక్ (షాటు వేయడానికి ఇచ్చే గడువు) 30 సెకన్లూ కరగనిచ్చి కొడుతుంది. తక్కువ పొసెషన్లలో 70 కొట్టడం, ఎక్కువ పొసెషన్లలో 90 కొట్టడం దాదాపు ఒకటే. ప్రత్యర్థి ఎంత బలమైనవాడో కూడా లెక్కలో కలిపితే అదే కెన్‌పామ్ పట్టిక.

హ్యూస్టన్ డిఫెన్స్ ఎలా ఉంటుందంటే, స్క్రీన్ (తనవాడికి దారివ్వడానికి ఒకడు అడ్డంగా నిలబడటం) పడగానే ఇద్దరు బంతి ఉన్నవాడి మీదకి ఉరుకుతారు. వాడు ఎలాగో పాస్ ఇచ్చేసరికి మూడోవాడు దారికడ్డంగా ఉంటాడు. ఈ సీజన్లో ఓడింది నాలుగే నాలుగు మ్యాచ్‌లు: ఆబర్న్, అలబామా, శాన్ డియేగో స్టేట్, టెక్సస్ టెక్. వాటిలో మూడు ఓవర్‌టైమ్‌లో పోయినవి.

నావి: స్వీట్ 16లో అన్నీ పై సీడ్లే. ఫైనల్ ఫోర్‌లో ప్రసాద్ గారి నాలుగే. ఫైనల్ ఆబర్న్, హ్యూస్టన్. ఛాంపియన్ హ్యూస్టన్. మొత్తం స్కోరు 126. 1983లో ఫైనల్, 1984లో ఫైనల్, రెండూ పోయాయి. 1983లో నార్త్ కరోలైనా స్టేట్ చేతిలో 54-52, చివరి క్షణంలో. ఈ ఊరు నలభై ఏళ్లుగా ఎదురుచూస్తోంది.

సుజాత_మిషిగన్ | మార్చి 25

రఘు గారు బాగా చెప్పారు, ఒకటి కలుపుతాను. విజయవాడలో స్కూలు రోజుల్లో పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి నడిపిస్తూ ఆడినదాన్ని కాబట్టి నా కళ్లు ముందు గార్డుల మీదికే పోతాయి. ఈ రౌండ్లలో బలహీనమైన జట్లు ఉండవు. పెద్ద తేడా వచ్చేది రెండుచోట్ల: బంతి పోగొట్టుకోవడం, తమ సొంత మిస్‌ని తామే రీబౌండ్ చేసుకోవడం (తిరిగొచ్చిన బంతి పట్టుకోవడం). ఈ రెండూ షాటు పడుతోందా లేదా అన్నదాని మీద ఆధారపడవు. త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఒకరోజు పడతాయి, ఒకరోజు పడవు.

మా ఆన్ ఆర్బర్ జట్టు మిషిగన్‌ని చూడండి, స్వీట్ 16లో ఆబర్న్‌తో పడింది. డస్టీ మే రెండేళ్ల క్రితం ఫ్లోరిడా అట్లాంటిక్‌ని ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లిన కోచ్. వుల్ఫ్, గోల్డిన్ ఇద్దరూ ఏడడుగుల వాళ్లు. చూడముచ్చటైన ఆట. కానీ బంతి మాత్రం చాలా పోగొట్టుకుంటారు. అందుకని ఆబర్న్‌కే రాశాను, మనసు ఒప్పుకోకపోయినా. ఆ తర్వాత ఎలీట్ ఎయిట్‌లో మాత్రం మిషిగన్ స్టేట్ ఆబర్న్‌ని కొడుతుంది. టోర్నీకి ముందు చివరి నాలుగు మ్యాచ్‌ల్లో ఆబర్న్ మూడు ఓడింది. మిషిగన్ స్టేట్ కోచ్ ఇజ్జో, ఆయన జట్టు మార్చిలో ఎప్పుడూ తేలిగ్గా పోదు.

గేటర్_వంశీ | మార్చి 25

ఛాంపియన్ ఫ్లోరిడా. ఫైనల్లో డ్యూక్ మీద. ఫైనల్ ఫోర్ నాలుగూ వన్‌లే. స్వీట్ 16లో ఒక్కటే మార్పు: టెనెసీ మీద కెంటకీ. ఈ సీజన్లో రెండుసార్లు ఆడారు, రెండుసార్లూ కెంటకీయే. మూడోసారి ఎందుకు మారుతుంది? మొత్తం స్కోరు 151.

ఫ్లోరిడా ఎందుకంటే, ఫిబ్రవరిలో ఆబర్న్ సొంత కోర్టులో 90-81తో గెలిచిన జట్టు. మొన్న యూకాన్‌తో చివర్లో గెలిపించింది వాల్టర్ క్లేటన్. స్కోరు ఎలా ఉన్నా చివరి మూడు నిమిషాల్లో షాటు తనే సృష్టించుకోగల గార్డు ఇంకే జట్టుకీ లేడు.

సుజాత_మిషిగన్ | మార్చి 25

వంశీ, అదే సూత్రం ఇక్కడ వాడి చూడు. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ కెంటకీ త్రీలు బాగా పడ్డాయి. టెనెసీ డిఫెన్స్ మీద మూడోసారీ అలాగే పడతాయని ఎవరు చెప్పగలరు? పైగా కెంటకీ ఆటగాడు జాక్సన్ రాబిన్సన్ గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. రెండుసార్లు గెలవడం వల్ల మనకి తెలిసేది వాళ్లకి గెలిచే దారి ఒకటుందని. అదే దారి మళ్లీ తెరుచుకుంటుందని కాదు.

రాలీ_లక్ష్మి | మార్చి 25

డ్యూక్ గురించి ఇక్కడ ఊళ్లో ఉన్నదాన్ని కాబట్టి చెబుతా. కూపర్ ఫ్లాగ్ చీలమండ బెణికిన ఎనిమిది రోజులకే వచ్చాడు, ఇప్పుడు బాగానే కదులుతున్నాడు. నా భయం వేరు. స్వీట్ 16లో ఏసీసీ (డ్యూక్ సీజన్ మొత్తం ఆడే లీగ్) నుంచి ఉన్నది డ్యూక్ ఒక్కటే, ఎస్ఈసీ అనే ఇంకో లీగ్ నుంచి ఏడు. జనవరి నుంచి డ్యూక్‌కి చివరిదాకా నలిగిపోయే మ్యాచ్‌లు తక్కువ పడ్డాయి. అలాంటి మ్యాచ్ ఒకటి ఎదురైతే ఎలా ఉంటారో చూడాలి.

ఇంకో మాట. మహిళల టోర్నీ గురించి ఎవరూ రాయడంలేదు. నిన్న రాత్రి యూఎస్‌సీ స్టార్ జూజూ వాట్కిన్స్ మోకాలు పోయింది. యూఎస్‌సీ మ్యాచ్ గెలిచింది కానీ ఆ అమ్మాయి లేకుండా యూకాన్‌ని దాటడం చాలా కష్టం. నా లెక్కలో యూకాన్ ఛాంపియన్, సీడ్ 2 అయినా సరే. యూకాన్‌లో పేజ్ బెకర్స్‌కి ఇదే ఆఖరి సీజన్.

నిర్వాహకుడు | మార్చి 26

లక్ష్మి గారూ, మహిళల టోర్నీ మాటలు కూడా ఇక్కడే రాయండి, వేరే చోట అక్కర్లేదు. ఇద్దరు సభ్యులు డబ్బు పెట్టి ఆడదామని నాకు సందేశం పంపారు. కుదరదు. తెలంగాణలో 2017 నుంచి ఆన్‌లైన్ పందాలు నిషేధం, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి. మన సభ్యుల్లో సగం మంది అక్కడివాళ్లే. ఇక్కడ పాయింట్లే.

నిజాంపేట_నవీన్ | మార్చి 28

అలబామా 113! బీవైయూ మీద 25 త్రీలు! మార్క్ సియర్స్ ఒక్కడే పది! గిట్ల ఆడితే వీళ్లను ఎవరు ఆపుతరు? నేను డ్యూక్ తీసేసి అలబామా రాసుకోవచ్చా?

డాలస్_ప్రసాద్ | మార్చి 28

గడువు దాటింది నవీన్, మార్చడానికి లేదు. గడువు ఉన్నా మార్చొద్దనే చెబుతా. టోర్నీ చరిత్రలో ఒక మ్యాచ్‌లో అన్ని త్రీలు ఎవరూ వేయలేదు. రికార్డు అంటేనే మామూలుగా జరగనిదని. రేపు అలబామా ఎలా ఆడుతుందో చెప్పేది సీజన్ మొత్తం సగటు, నిన్నటి రాత్రి కాదు. పైగా డ్యూక్‌లో అందరూ పొడవైనవాళ్లు, త్రీ వేసేటప్పుడు చెయ్యి మొహం ముందుకొస్తుంది.

లబ్బక్_శీను | మార్చి 28

16 పాయింట్లు వెనకబడి, ఓవర్‌టైమ్‌లో ఆర్కన్సాని 85-83తో కొట్టాం! శనివారం ఫ్లోరిడా. వంశీ అన్నా, రెడీగా ఉండు.

హ్యూస్టన్_రఘు | మార్చి 29

పర్డూ మ్యాచ్ గురించి రాయకుండా ఉండలేకపోతున్నా. ఇండియానాపొలిస్‌లో మ్యాచ్, అంటే పర్డూకి గంట దూరం. స్టేడియం మొత్తం వాళ్లదే. 60-60. చివర్లో బంతి హ్యూస్టన్‌ది, బేస్‌లైన్ బయటినుంచి వేయాలి. ఊజాన్ బంతిని టగ్లర్‌కి వేశాడు. పర్డూ వాళ్ల కళ్లన్నీ త్రీ వేసే కుర్రాళ్ల మీద ఉన్నాయి. బంతి వేసినవాడిని ఎవరూ పట్టించుకోలేదు. ఊజాన్ లోపలికి అడుగుపెట్టాడు, టగ్లర్ వెంటనే తిరిగిచ్చాడు, లేఅప్. 62-60, సెకను కూడా మిగల్లేదు.

ఇందుకే కోచ్‌ని కూడా లెక్కలో వేసుకోవాలంటాను. ఆ ప్లే అప్పటికప్పుడు పుట్టింది కాదు, సీజన్ మొత్తం సాధన చేసింది.

సుజాత_మిషిగన్ | మార్చి 29

టెనెసీ 78, కెంటకీ 65. ఆబర్న్ మా మీద తొమ్మిది పాయింట్లు వెనకబడి కూడా గెలిచింది. ఆ పది నిమిషాల్లో మావాళ్లు బంతి పోగొట్టుకున్న తీరు చూడలేకపోయాను. ఎనిమిదికి ఎనిమిదీ పై సీడ్లే గెలిచాయి, గమనించారా?

గేటర్_వంశీ | మార్చి 30

ఫ్లోరిడా 84, టెక్సస్ టెక్ 79. సుమారు మూడు నిమిషాలు ఉండగా తొమ్మిది పాయింట్లు వెనక. క్లేటన్ 30. స్కోరు సమం చేసిన త్రీ వేసేటప్పుడు వెనక్కి తిరుగుతూ, కాళ్లు కూడా సర్దుకోకుండా లేచాడు. శీనూ, మీవాళ్లు గొప్పగా ఆడారు, నిజంగా.

లబ్బక్_శీను | మార్చి 30

అన్నా, మాకు పోయింది ఫ్రీత్రోల (ఫౌల్‌కి దక్కే, ఎవరూ అడ్డురాని షాట్లు) దగ్గర. మేం ముందున్నప్పుడు చివర్లో మీవాళ్లు ఫౌల్ చేసి మమ్మల్ని లైను దగ్గరికి పంపారు, మొదటిది మిస్సయితే రెండోది లేదు. అక్కడ రెండుసార్లు పడుంటే క్లేటన్ ఎన్ని కొట్టినా చాలేది కాదు. చివరి రౌండ్లు చెప్పేటప్పుడు జట్టు ఫ్రీత్రో శాతం కంటే, చివర్లో బంతి ఎవరి చేతిలో ఉంటుందో అతని శాతం చూడాలి. 2008 ఫైనల్లో మెంఫిస్ కూడా ఇలాగే ఫ్రీత్రోలు వదిలేసింది, చామర్స్ త్రీతో కాన్సాస్ ఓవర్‌టైమ్‌కి లాగి గెలిచింది.

రాలీ_లక్ష్మి | మార్చి 30

అందరికీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. పచ్చడి చేసి, గుడిలో పంచాంగ శ్రవణం విని ఇంటికొచ్చేసరికి హ్యూస్టన్, టెనెసీ మొదటి సగం అయిపోయింది: 34-15. టెనెసీ లాంటి జట్టు ఇరవై నిమిషాల్లో పదిహేను పాయింట్లు! రఘు గారు వంద పొసెషన్ల లెక్క చెబుతుంటే నాకు అంతగా ఎక్కలేదు, ఇప్పుడు కళ్లారా చూశాను.

నిన్న డ్యూక్ అలబామాని 65 దగ్గర ఆపింది. రెండ్రోజుల ముందు 113 కొట్టిన జట్టు.

డాలస్_ప్రసాద్ | మార్చి 30

మిషిగన్ స్టేట్ మీద ఆబర్న్ 70-64. ఆబర్న్ ఆటగాడు బ్రూమ్ మోచెయ్యి పట్టుకుని లోపలికెళ్లినప్పుడు అయిపోయిందనుకున్నా, తిరిగొచ్చి త్రీ కూడా వేశాడు. నాలుగు వన్‌లూ వచ్చాయి. 2008 తర్వాత ఇదే. ఫైనల్ ఫోర్ వేదిక అప్పుడూ శాన్ ఆంటోనియోయే, ఇప్పుడూ అక్కడే.

ఇప్పుడు నా అసలు మాట. ఇక్కడిదాకా లెక్కలు పనిచేశాయి. ఇక్కడినుంచి నాలుగు జట్ల మధ్య లెక్కల్లో తేడా రెండు మూడు పాయింట్లే. ఒక ఫౌల్, ఒక రీబౌండ్ అంత తేడా. ఒక్కో మ్యాచ్‌లో 75 శాతం అవకాశమున్న జట్టుకి కూడా వరసగా నాలుగు గెలిచే అవకాశం 32 శాతం లోపే. కాబట్టి సెమీస్‌లో ఎవరిని రాసినా అది నమ్మకమే కానీ జోస్యం కాదు.

సుజాత_మిషిగన్ | ఏప్రిల్ 2

ప్రసాద్ గారూ, సగం ఒప్పుకుంటాను. మొత్తం సగటుల్లో తేడా లేకపోయినా ఎవరికెవరు పడ్డారన్నది ఉంటుంది కదా. ఆబర్న్ ఆటంతా బ్రూమ్ చుట్టూ తిరుగుతుంది, అతనికి మోచెయ్యి బాలేదు. ఫ్లోరిడాకి లోపల నలుగురు పెద్దవాళ్లున్నారు, మార్చి మార్చి దించుతారు. అది ఫ్లోరిడాదే. డ్యూక్, హ్యూస్టన్‌లో డ్యూక్ మంచిదే. కానీ మ్యాచ్ ఆఖరి రెండు నిమిషాలదాకా దగ్గరగా ఉంటే హ్యూస్టన్‌ది అంటాను. లక్ష్మి గారు మొదట్లో అన్న కారణమే: అలాంటి మ్యాచ్‌లు హ్యూస్టన్‌కి అలవాటు.

నిజాంపేట_నవీన్ | ఏప్రిల్ 6

అన్నలు, అక్కలు, ఇప్పుడే చూసి రాస్తున్న. చేతులు వణుకుతున్నయ్! 35 సెకన్లు ఉన్నప్పుడు డ్యూక్ 67, హ్యూస్టన్ 61. మా తమ్ముడు టీవీ బంద్ చెయ్యమన్నడు. షార్ప్ త్రీ, 64. డ్యూక్ బంతి లోపలికి వెయ్యబోతే గుంజుకున్నరు, త్రీ మిస్సు, టగ్లర్ గాల్లనే పట్టి డంక్, 66. ప్రాక్టర్ ఫ్రీత్రో పోయింది, రీబౌండ్ కాడ ఫ్లాగ్ ఫౌల్ చేసిండు. హ్యూస్టన్ రాబర్ట్స్ రెండు ఫ్రీత్రోలు వేసిండు, 68. ఆఖరికి 70-67!

హ్యూస్టన్_రఘు | ఏప్రిల్ 6

పద్నాలుగు వెనకబడిన మ్యాచ్ ఇది. ఇంకొక్కటి.

రాలీ_లక్ష్మి | ఏప్రిల్ 6

డ్యూక్ ఆఖరి పది నిమిషాల్లో ఫీల్డ్ గోల్ (ఫ్రీత్రో కాకుండా ఆటలో పడే షాటు) ఒక్కటే వేసింది. 27 పాయింట్లు కొట్టిన ఫ్లాగ్‌ని తప్పుపట్టలేం, ఆఖరి షాటు అతను వేయాల్సిందే, వేశాడు, పడలేదు. ఊరు మూగబోయింది. కానీ ఇవాళ యూకాన్ అమ్మాయిలు సౌత్ కరోలైనాని 82-59తో చిత్తు చేశారు. బెకర్స్ చేతికి కప్పు చూడగానే మనసు నిండింది.

నిర్వాహకుడు | ఏప్రిల్ 8

ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63. ఫ్లోరిడాకి 2006, 2007 తర్వాత మూడో టైటిల్.

మన పట్టిక: వంశీ 27 (కెంటకీ ఒక్కటి, హ్యూస్టన్ సెమీస్ ఒక్కటి పోయాయి). రఘు, ప్రసాద్ గారు చెరో 20. ఫైనల్ మొత్తం స్కోరు 128. రఘు 126 అన్నారు, ప్రసాద్ గారు 147. రెండో స్థానం రఘుది.

గేటర్_వంశీ | ఏప్రిల్ 8

క్లేటన్ మొదటి సగంలో ఒక్క పాయింటూ కొట్టలేదు. హ్యూస్టన్ అంత గట్టిగా కట్టేసింది. పన్నెండు వెనకబడ్డప్పుడు ఆదుకున్నవాడు విల్ రిచర్డ్, 18 కొట్టాడు. రఘు అన్నా, ఆ డిఫెన్స్‌కి దండం.

హ్యూస్టన్_రఘు | ఏప్రిల్ 8

నీకు అభినందనలు తమ్ముడూ. మావాళ్లు మ్యాచ్ దాదాపు మొత్తం ముందే ఉన్నారు. 64-63 అయ్యాక ఆడిన తీరే మింగుడుపడటంలేదు. కోచ్ శాంప్సన్ జట్టు చివరి పొసెషన్లో షాటే వేయకుండా ముగించడం ఊహించలేదు.

నిజాంపేట_నవీన్ | ఏప్రిల్ 8

అదే అడుగుదామనుకున్న. షార్ప్ చేతిల బంతి ఉన్నది, కింద వడేసిండు, మళ్ల పట్టుకుంటలేడు. పక్కనే ఎగురుతున్నది కదా, ఎందుకు పట్టుకోలె?

సుజాత_మిషిగన్ | ఏప్రిల్ 8

పట్టుకోకూడదు నవీన్. అతను త్రీ వేద్దామని రెండు చేతులతో బంతి తీసుకుని గాల్లోకి లేచాడు. అప్పుడు చూశాడు, క్లేటన్ దూసుకొచ్చేశాడు. వేస్తే బ్లాక్ అవుతుంది. బంతితో కిందికి దిగితే ట్రావెల్ అనే తప్పు. అందుకని గాల్లో ఉండగానే బంతి వదిలేశాడు. ఒకసారి డ్రిబుల్ ఆపి లేచి వదిలేశాక, వేరేవాళ్లు తాకకముందు తనే ముందు తాకినా అది తప్పే, బంతి ఫ్లోరిడాకి పోతుంది. అందుకే దాని మీద వంగి, తన జట్టువాళ్లు ఎవరైనా వస్తారేమోనని ఆగాడు. ముందు దూకింది ఫ్లోరిడా కాండన్. గడియారం అక్కడే అయిపోయింది.

క్లేటన్ అక్కడికి ఎలా చేరాడో రీప్లేలో చూడు. షార్ప్ లేచేటప్పుడు అతని మీదికి ఎగిరాడు, చెయ్యి మాత్రం తగలనివ్వలేదు. తగిలితే మూడు ఫ్రీత్రోలు. మొదటి సగం సున్నా కొట్టిన కుర్రాడు టైటిల్ నిలబెట్టింది డిఫెన్స్‌తో.